నేచురల్ మేకప్, క్లెన్సర్ పడలేదా? సున్నిత చర్మానికి సమస్య - పరిష్కారం

కొత్త ఫేస్‌వాష్ రాయగానే మొహం మండితే అది ఒక రకం ఇబ్బంది. రెండు రోజులు ఆగి దురద మొదలైతే అది పూర్తిగా వేరే ఇబ్బంది. అందుకే ముందు గమనించాల్సినవి రెండు: రాసిన ఎంతసేపటికి వచ్చింది, మొహంలో ఎక్కడ వచ్చింది. డబ్బా మీద ‘నేచురల్’ అనో ‘హైపోఅలర్జెనిక్’ (అలర్జీ తక్కువ) అనో రాసి ఉండటం ఇక్కడ అక్కరకు రాదు. అమెరికాలో సౌందర్య సాధనాల మీద వాడే ఈ రెండు మాటలకూ చట్టపరమైన నిర్వచనమే లేదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా ఒక్కటే పనికొస్తుంది.

ఏ లక్షణం కనిపించినా కొత్తగా మొదలుపెట్టినవన్నీ ఆపేయండి. కనీసం రెండు వారాలు వాసన లేని మృదువైన క్లెన్సర్, గ్లిజరిన్ లేదా సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న సాదా మాయిశ్చరైజర్ చాలు. చర్మం కుదుటపడకముందే ఇంకోటి రాస్తే ఏది పడలేదో ఎప్పటికీ తేలదు.

కడుగుతుండగానే మంట, తుడిచాక చర్మం లాగేసినట్టు ఉండటం

ఇది ఎక్కువగా అలర్జీ కాదు, చర్మం పైపొర దెబ్బతిని వచ్చే చికాకు. చర్మం పైపొర సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5. సబ్బును ఏ నూనెతో చేసినా క్షారం కలపాల్సిందే కాబట్టి దాని పీహెచ్ 9, 10 దాకా పోతుంది. ‘చేత్తో చేసింది’ అన్నంత మాత్రాన ఈ లెక్క మారదు. బేకింగ్ సోడాదీ అదే దారి. నిమ్మరసం మాత్రం రెండో కొసన, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. పైగా నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు లేచి, మచ్చలు నెలల తరబడి మిగిలిపోవచ్చు. మొహానికి నిమ్మరసం వద్దే వద్దు.

సబ్బు మానేసి, పీహెచ్ 4.5 నుంచి 6 మధ్య ఉన్న ద్రవ క్లెన్సర్‌కు మారండి. గోరువెచ్చని నీళ్లు, వేలికొసలు, అర నిమిషం. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. పొద్దున పూట ఉత్త నీళ్లతో కడిగినా సరిపోతుంది. ఆ ఉత్త నీళ్లకే మండుతోందంటే చర్మపు రక్షణ పొర దెబ్బతిన్నట్టు. అప్పుడు ఏ బ్రాండ్ మార్చినా లాభం లేదు, నెల దాకా ఓపిక పట్టాలి.

ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత దురద, ఎర్రటి పొక్కులు, వాపు

ఇది కాంటాక్ట్ అలర్జీ. చాలామంది తప్పుదోవ పట్టేది ఇక్కడే: “ఏడాదిగా వాడుతున్నాను, దానివల్ల అయ్యుండదు” అనుకుంటారు. నిజానికి అలర్జీ రావాలంటే ఆ పదార్థంతో ముందే పరిచయం ఉండాలి. పాతదే ఉన్నట్టుండి పడకుండా పోవచ్చు.

మొదట అనుమానించాల్సింది ఎసెన్షియల్ ఆయిల్స్‌ని, అంటే మొక్కల నుంచి తీసే గాఢమైన సుగంధ నూనెలను. లావెండర్‌లో ఉండే లినలూల్, నారింజ తొక్క నూనెలో ఉండే లిమోనీన్ తాజాగా ఉన్నప్పుడు అంతగా బాధించవు. గాలి తగిలి ఆక్సీకరణం చెందితే గట్టి అలర్జీ కారకాలవుతాయి. టీ ట్రీ నూనె కూడా అంతే. సగం ఖాళీ అయిన పాత సీసా కొత్తదాని కన్నా ప్రమాదం. ఆ తర్వాత తేనెటీగలు తయారుచేసే జిగురు ప్రొపోలిస్, చామంతి జాతికి చెందిన కెమొమైల్, కాలెండ్యులా. ‘చర్మానికి ఉపశమనం’ అని అమ్మే క్రీముల్లో ఇవే ఉంటాయి మరి. మృదువైన క్లెన్సర్లలో వాడే డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ కూడా కొందరికి పడవు. 2017లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఈ ఆల్కిల్ గ్లూకోసైడ్లనే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది.

పడని రెండు మూడు వస్తువుల లేబుళ్లు పక్కపక్కన పెట్టి, అన్నింట్లో ఉన్న పేర్లు రాసుకోండి. పడిన వస్తువులోనూ అదే పేరు ఉంటే కొట్టేయండి. మిగిలినవే అనుమానితులు. ఇకపై ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉన్నదే కొనండి. ‘అన్‌సెంటెడ్’ అన్నదాంట్లో వాసనను కప్పిపుచ్చే సుగంధం ఉండొచ్చు.

కనురెప్పలకే దురద

రెప్పల చర్మం బాగా పలచన. తప్పు ఐ మేకప్‌దే కానక్కర్లేదు. గోళ్ల రంగు, షాంపూ చేతుల ద్వారా, నీళ్ల ద్వారా రెప్పల దాకా చేరతాయి. అవి కూడా ఆపి చూడండి. మస్కారాలో కోలొఫోనీ అనే చెట్టు బంక ఉందేమో చూడండి. తెరిచి మూడు నెలలు దాటిన మస్కారా పారేయాల్సిందే.

పెదవులు పొట్టు రేగడం

కారణం లిప్‌స్టిక్‌లోని ఆముదం, లిప్ బామ్‌లోని పెప్పర్‌మింట్, ప్రొపోలిస్ కావచ్చు. అరుదుగా ఎర్ర రంగు కోసం వేసే కార్మైన్ కావచ్చు; లేబుల్ మీద దాన్ని సీఐ 75470 అనే రంగు సంఖ్యతో రాస్తారు. ఉత్త పెట్రోలియం జెల్లీకి మారితే తేడా తెలుస్తుంది.

మినరల్ పౌడర్ వేసుకుని చెమట పట్టాక దురద

బిస్మత్ ఆక్సీక్లోరైడ్, సీఐ 77163 ఉందేమో చూడండి. అది లేని పౌడర్ తీసుకోండి.

నూనె క్లెన్సర్ మొదలుపెట్టాక పొక్కులు

నల్లమొనలు (బ్లాక్‌హెడ్స్), తెల్లమొనలు (వైట్‌హెడ్స్) కలిసి వస్తే రంధ్రాలు మూసుకున్నట్టు. కొబ్బరి నూనెతో ఇది మామూలే. నుదుటి మీద ఒకే సైజులో, దురదతో వస్తే మలసీజియా అనే ఈస్ట్ కావచ్చు. చాలా మొక్కల నూనెల్లోని కొవ్వు ఆమ్లాలే దానికి తిండి. ‘చర్మంలోని మలినం బయటికొస్తోంది, తగ్గిపోతుంది’ అనే సలహా వినకండి. నూనె క్లెన్సర్ అలాంటి పని చేయదు.

నూనె వాడాలనే ఉంటే ఎమల్సిఫైయర్ (నూనెను నీళ్లతో కలిపే పదార్థం) ఉన్నది, స్క్వాలేన్ లాంటి తేలికైన ఆధారంతో చేసింది ఎంచుకోండి. పొడి మొహానికి, పొడి చేతులతో అర టీస్పూన్ రాసి ఒక నిమిషం మర్దన చేయండి. తర్వాత చేతులు తడిపి కలిపితే పాలలా తెల్లబడాలి. తెల్లబడకపోతే అందులో ఎమల్సిఫైయర్ లేనట్టే. నీళ్లతో పోదు, వెంటనే మరో క్లెన్సర్‌తో కడగాల్సిందే. ఈస్ట్ పొక్కులకు మందు డాక్టర్ రాయాలి.

వాడుతున్న టోనర్ వాసన మారింది, మసకబారింది

నీళ్లున్నవాటిలో ప్రిజర్వేటివ్ లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పారేయండి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

ఒక్కసారికి ఒక్కటే. ముంజేతి లోపలివైపు, మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు రాయండి. కడిగేసే వస్తువైతే ఐదు నిమిషాలు ఉంచి కడగండి. ఏమీ కాకపోతే మొహానికి వాడొచ్చు. లేబుళ్లు ఎంత పోల్చినా కారణం దొరక్కపోతే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంది: వీపు మీద అతికించిన పట్టీలను 48 గంటలకు తీసి చూస్తారు, ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తారు. వెళ్లేటప్పుడు వాడినవన్నీ లేబుళ్లతో సహా తీసుకెళ్లండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి కష్టమైనా మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.