తుమ్ములన్నీ జలుబు వల్ల కాదు

గుంటూరులో మిర్చి సీజన్‌లో తరగతిలో ఎవరైనా తుమ్మితే పట్టించుకునేదెవరు? నేనూ పట్టించుకోలేదు. నేను పాఠం చెప్పే నాలుగో తరగతిలో ఒక పాప సీసాలో నీళ్లు నింపుకోవడానికి లేచినప్పుడల్లా వెనక బెంచీ నుంచి నాలుగైదు తుమ్ములు వినపడేవి. వాళ్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పాప బట్టలు ఘాటు కొడుతున్నాయని వెనక బెంచీవాళ్ల వెక్కిరింత. సంగతి అర్థమయ్యేసరికి నాకు వారం పట్టింది. ఈలోపు ఆ పిల్ల బడిలో నీళ్లు తాగడమే మానేసింది.

అందుకే ఫిర్యాదు వచ్చేదాకా ఆగకండి. నిజంగా నలిగిపోయే పిల్లలు "టీచర్, వీడు చూడండి" అంటూ పరిగెత్తుకు రారు. కొళాయి దగ్గర, బాత్రూమ్ దారిలో, మధ్యాహ్న భోజనం దగ్గర ఒక కన్ను వేయండి. పళ్లెం పట్టుకుని ఎవరి పక్కన ఎవరూ కూర్చోవడం లేదో చూడండి.

ముఠా నాయకుణ్ణి లేపి అందరి ముందు సారీ చెప్పించాను. నా తప్పే. బుద్ధిగా చెప్పాడు. సాయంత్రానికి గేటు బయట పాప చెప్పు మురుగుకాలవలో తేలింది.

చేతులు కలిపించడం కచ్చి కొట్టుకున్న స్నేహితులకు పనికొస్తుంది, ఒక పిల్ల నలుగురికి జడిసే చోట కాదు. విడివిడిగా మాట్లాడండి. పాపను ముందు, రిజిస్టర్ తెమ్మన్న నెపంతో పిలవండి. "నాకెందుకు చెప్పలేదు?" అనొద్దు. ఎప్పట్నుంచి, ఎక్కడ, పక్కన ఎవరున్నారు? ఇవి చాలు. తేదీ వేసి రాసుకోండి, హెడ్మాస్టర్ గారు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

పిల్లాణ్ణి "ఎందుకు చేశావురా" అంటే "ఊరికే టీచర్" అంటాడు. మీకు తెలిసింది మీరే చెప్పి, రేపట్నుంచి ఏం జరగకూడదో చెప్పండి. కొట్టడం మాత్రం వద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఎలాగూ ఒప్పుకోదు. పైగా ఆ దెబ్బ మళ్లీ పాపకే చేరుతుంది.

అసలు కిటుకు చూసి నవ్వేవాళ్ల దగ్గరుంది. తుమ్మని ఇద్దరు ఆడపిల్లల్ని పిలిచి, నీళ్లకు వెళ్లేటప్పుడు ఆ పాపనూ తీసుకెళ్లమన్నాను. ముగ్గురు కలిసి నడుస్తుంటే తుమ్మడానికి వెనక బెంచీవాళ్లకే సిగ్గేసింది.

ఇద్దరు పిల్లల తల్లిదండ్రులనీ ఒకేసారి పిలిస్తే వరండాలోనే పంచాయతీ. కూలి మానుకుని రమ్మనడం కూడా న్యాయం కాదు, చీకటిపడ్డాక ఫోన్ చేయండి. ఆ పిల్లాడి నాన్న మిర్చి యార్డులోనే హమాలీ అని నాకు తెలిసింది ఆ ఫోన్‌లోనే. ఇంట్లో పిల్లల్ని చావగొడుతున్నారని అనుమానం వస్తే మాత్రం పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

మూడో రోజు ఒకసారి, రెండు వారాలకు ఇంకోసారి పాపను అడగండి. నేనైతే బడి వదిలేటప్పుడు ఆమె సీసా కూడా చూస్తాను, ఎంత ఖాళీ అయిందోనని.