ల్యాప్‌టాప్‌లో శబ్దం రావడం లేదా? షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి

ల్యాప్‌టాప్ నుంచి శబ్దం రాకపోతే చాలామంది స్పీకర్ పోయిందని నిర్ణయించేసుకుంటారు. ఆ నిర్ణయానికి తొందరపడకండి. శబ్దం ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగు మారి ఉండవచ్చు, శబ్దం పరికరాన్ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చెడి ఉండవచ్చు, లేదా హెడ్‌ఫోన్ జాక్‌లో తేమ చేరి ఉండవచ్చు. ఈ మూడింటికీ మీ చేతిలోనే మందు ఉంది. గోదావరి డెల్టాలో, అందులోనూ అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రతీర ఊళ్లలో ఉండేవారు జాక్‌ను ప్రత్యేకంగా అనుమానించాలి.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

హెడ్‌ఫోన్ పెట్టి ఏదైనా పాట వేయండి. ఆ హెడ్‌ఫోన్ మంచిదో కాదో వేరే ఫోనుకు పెట్టి ముందే చూసుకోండి. హెడ్‌ఫోన్‌లో వినిపించి, అది తీసేశాక స్పీకర్‌లో రాకపోతే అనుమానం జాక్ మీద, స్పీకర్ మీద. రెండింటిలోనూ రాకపోతే సెట్టింగులు, డ్రైవర్ వైపు వెళ్లండి. ఒక చెవిలోనే వస్తుంటే సౌండ్ సెట్టింగుల్లో ఎడమ, కుడి వాల్యూమ్ సమానంగా ఉందో లేదో చూడండి. సమానంగానే ఉంటే ప్లగ్గు దగ్గర వైరును మెల్లగా కదపండి. శబ్దం వచ్చి పోతుంటే లోపల తీగ తెగింది. ఇక ఆ హెడ్‌ఫోన్ మార్చాల్సిందే.

సెట్టింగులు

కీబోర్డు పై వరుసలో స్పీకర్ బొమ్మ ఉన్న మీటను నొక్కి మ్యూట్ తీయండి. విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వి మీటలు కలిపి నొక్కితే శబ్దం ఏ పరికరానికి వెళ్తోందో కనిపిస్తుంది. విండోస్ 10లో అయితే గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు మీద నొక్కండి. టీవీకి కలిపి తీసేసిన తర్వాత కూడా అక్కడ టీవీ పేరే ఉండిపోవచ్చు. పక్క గదిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా శబ్దాన్ని తమవైపు లాక్కుపోవచ్చు. జాబితాలో స్పీకర్స్‌ను ఎంచుకోండి. ఒక్క బ్రౌజర్‌లోనే శబ్దం రాకపోతే వాల్యూమ్ మిక్సర్ తెరిచి దాని గీతను పెంచండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మొదలవగానే బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో గొంతు బొంగురుగా, పాత టెలిఫోనులా మారితే భయపడకండి. మైకు, శబ్దం రెండూ బ్లూటూత్ మీదే నడిచేటప్పుడు నాణ్యత తగ్గడం మామూలే. మైకుగా ల్యాప్‌టాప్‌దాన్ని ఎంచుకుని, ఇయర్‌బడ్స్‌ను వినడానికే వాడండి.

హెడ్‌ఫోన్ జాక్

ప్లగ్గు లోపలికి వచ్చిందో లేదో కనిపెట్టడానికి 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో సన్నని స్ప్రింగు రేకులు ఉంటాయి. ఉప్పు గాలి, వానాకాలపు చెమ్మ వాటి మీద తుప్పు లాంటి పొర పెంచుతాయి. అప్పుడు ప్లగ్గు లేకపోయినా ఉందనుకుని ల్యాప్‌టాప్ స్పీకర్‌ను ఆపేస్తుంది. ఏమీ పెట్టకుండానే తెర మీద హెడ్‌ఫోన్ అని చూపిస్తుంటే కారణం దాదాపుగా ఇదే.

ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, టార్చి వెలుగులో లోపల చూడండి. హెడ్‌ఫోన్ ప్లగ్గును పది పదిహేనుసార్లు పెట్టి తీయండి. ఆ రాపిడికి పొర ఊడిపోవచ్చు. చాలకపోతే మెడికల్ లేదా ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. సన్నని బ్రష్షును దానితో కొద్దిగా తడిపి, లోపల తిప్పి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిగురుగా మిగిలిపోతుంది. బిగుసుకున్న ప్రతిదానికీ కొబ్బరినూనె రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది. జాక్‌లో మాత్రం ఒక్క చుక్క కూడా వేయకండి, దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. పిన్నీసు దూర్చితే రేకులు వంగిపోతాయి, నోటితో ఊదితే తేమ పెరుగుతుంది. ల్యాప్‌టాప్ తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టడం కూడా మానండి. బియ్యం తేమను పెద్దగా లాగదు, పైగా దాని పొడి రంధ్రాల్లోకి చేరుతుంది. వరద నీరో, వాన నీరో లోపలికి పోయి ఉంటే ఆన్ చేయకుండా నేరుగా టెక్నీషియన్‌కు ఇవ్వండి.

డ్రైవర్

స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. సౌండ్ వరుసలో ఉన్న ఆడియో పరికరం మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకుని, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. విండోస్ డ్రైవర్‌ను మళ్లీ తానే పెట్టుకుంటుంది. అప్‌డేట్ తర్వాతే శబ్దం పోయి ఉంటే ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. కొత్త డ్రైవర్ కావాలంటే మీ మోడల్ పేరుతో తయారీ సంస్థ వెబ్‌సైటులోనే తీసుకోండి. డ్రైవర్లు వెతికిపెడతామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి.

గుర్రుమనే శబ్దం వస్తుంటే

ఛార్జర్ తీయగానే గుర్రు ఆగిపోతే స్పీకర్ తప్పు లేదు. ఛార్జర్‌నో, ఇంటి ఎర్తింగునో అనుమానించాలి. ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే జివ్వుమనడం కూడా ఆ సూచనే. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరుతో వాడుతుంటే వెంటనే మానేయండి.

చివరి పరీక్ష

విండోస్ లాంటిదే అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్నుంచి ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు ఎంచుకోండి. అక్కడ స్పీకర్ పలికితే పరికరం బాగానే ఉంది, తప్పు విండోస్‌ది. అక్కడా పలకకపోతే లోపల ఏదో చెడి ఉండే అవకాశం ఎక్కువ.

హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వస్తూ, స్పీకర్‌లో మాత్రం చిన్న వాల్యూమ్‌కే గరగరమంటుంటే స్పీకర్ పొర చిరిగి ఉండవచ్చు. అప్పుడే కొత్త స్పీకర్‌కు డబ్బు పెట్టండి. షాపులో హెడ్‌ఫోన్ పరీక్షలోనూ ఉబుంటులోనూ ఏం జరిగిందో ముందే చెప్పండి. ఉబుంటులో కూడా పలకని స్పీకర్‌కు విండోస్ ఫార్మాట్ చేద్దామంటే ఒప్పుకోకండి. ముందు జాక్, స్పీకర్ వైరు చూడమనండి.