ట్రిలియం నాటే ముందు చూసుకోవాల్సినవి

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉంటూ, పెరట్లో మేపుల్, ఓక్ చెట్ల నీడన ట్రిలియం, బ్లడ్‌రూట్, వర్జీనియా బ్లూబెల్స్ అనే అడవి పూల మొక్కలు వేయాలనుకుంటే, పార పట్టే ముందు ఇవి చూసుకోండి.

• చెట్టు ఆకు రాల్చే రకమేనా? కొమ్మలు చిగురించక ముందు పడే ఎండే ఈ మొక్కలకు ఆధారం. పైన్ చెట్ల కింద వద్దు.

• అడవిలోంచి తవ్వి తేకండి. తెల్ల ట్రిలియం విత్తనం నుంచి పూతకు రావడానికి 7 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే మరీ చవగ్గా అమ్ముతుంటే నాకు అనుమానం. “మీరే పెంచారా?” అని నర్సరీవాళ్లను అడగండి. పువ్వును కాడతో కోస్తే కింది మూడు ఆకులూ పోతాయి, మొక్క నీరసిస్తుంది.

• గ్లౌజులు. బ్లడ్‌రూట్ దుంప విరిగితే పారాణిలా ఎర్రటి రసం కారుతుంది, అది చర్మానికి పడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి.

• బ్లూబెల్స్ జూన్ కల్లా పసుపెక్కి మాయమవుతాయి. చచ్చాయనుకుని నేను ఆ చోటే తవ్వేశాను! పుల్ల గుచ్చి పేరు రాసిపెట్టండి.

• తవ్వేటప్పుడు చెట్టు పెద్ద వేళ్లు నరకొద్దు. పైన 2 అంగుళాల ఎండుటాకులు చాలు.

• జింకలు తిరిగే చోటైతే ముందే వల కట్టండి. టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉంటాయి కాబట్టి ప్యాంటు సాక్సులోకి దోపుకోండి.