అమ్మానాన్నల గ్రీన్‌కార్డు ఫైలు ఎందుకు ఆగింది? ఎక్కడ ఆగింది?

అమెరికా సిటిజన్ అయిన కొడుకో కూతురో ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు ఐ-130 (బంధువుకు గ్రీన్‌కార్డు కోరుతూ వేసే పిటిషన్) వేస్తే ఆ ఫైలు మూడు చేతులు మారుతుంది. ముందు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ), తర్వాత కాగితాలు సరిచూసే నేషనల్ వీసా సెంటర్ (అందరూ ఎన్‌వీసీ అంటారు), చివరికి ముంబైలోని అమెరికన్ కాన్సులేట్. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉంది కదా అని అక్కడ అడిగి లాభం లేదు, ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైలోనే. ఫైలు ఆగిందనిపిస్తే అది ప్రస్తుతం ఎవరి దగ్గరుందో ముందు చూసుకోండి. ఇది చూసుకోకుండా ఎన్‌వీసీకి వెళ్ళిపోయిన ఫైలు గురించి యూఎస్‌సీఐఎస్‌కి నెలల తరబడి ఫోన్లు చేసినవాళ్ళు నాకు తెలుసు.

సమస్య: యూఎస్‌సీఐఎస్ నుంచి "మరిన్ని ఆధారాలు పంపండి" అని ఉత్తరం వచ్చింది

దీన్నే ఆర్‌ఎఫ్‌ఈ అంటారు. ఇది రిజెక్షన్ కాదు, టెన్షన్ పడకండి.

ఎక్కువసార్లు కారణం ఏమిటంటే, అమ్మ పుట్టిన సర్టిఫికెట్ కోసం ఊరంతా తిరిగి, మన సొంత సర్టిఫికెట్ సంగతి మర్చిపోవడం. ఈ దశలో వాళ్ళకు కావలసింది మీరు వాళ్ళ బిడ్డేనన్న రుజువు. అమ్మ కోసం వేస్తే మీ పేరు, అమ్మ పేరు ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్ కావాలి. నాన్న కోసమైతే దాంతోపాటు అమ్మానాన్నల పెళ్ళి సర్టిఫికెట్ కూడా కావాలి. మన అమ్మానాన్నల తరంలో పెళ్ళి రిజిస్టర్ చేయించినవాళ్ళు తక్కువే. పెళ్ళి శుభలేఖ, ఫొటోలు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు. గుళ్ళో ఇచ్చిన రసీదు దానికి బదులు కాదు.

ఇంకో కారణం: మీ బర్త్ సర్టిఫికెట్ పుట్టిన చాలా ఏళ్ళకు, ఈమధ్యే రిజిస్టర్ అయి ఉండటం. అలాంటిదాన్ని వాళ్ళు పూర్తిగా నమ్మరు. పదో తరగతి మెమో, ఆసుపత్రి రికార్డు, పెద్దల అఫిడవిట్లు జత చేయాలి.

గడువు ఉత్తరంలోనే ఉంటుంది, గరిష్ఠంగా 84 రోజులు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, జవాబు ఒక్కసారే పంపాలి. సగం ఇప్పుడు పంపి "మిగతావి దొరికాక పంపుతాం" అంటే కుదరదు, ఆ సగంతోనే నిర్ణయం తీసుకుంటారు. ఆ ఉత్తరం ఒరిజినల్‌ని కట్టకి పైన పెట్టి పంపండి.

సమస్య: ఎన్‌వీసీకి అన్నీ పంపాం, నెలలైనా చడీచప్పుడూ లేదు

ముందు సీయాక్ (వీసా కాగితాలు ఎక్కించే) వెబ్‌సైట్‌లో మీ డాక్యుమెంట్ల పక్కన ఏముందో చూడండి. "అప్‌లోడెడ్" అని ఉంటే అవి ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. అన్నీ ఎక్కించాక చివర్లో సబ్మిట్ నొక్కాలి, అప్పుడే "సబ్మిటెడ్" అవుతుంది. ఈ ఒక్క బటన్ నొక్కక నెలలు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. అడిగినవాటిలో ఒక్కటి తక్కువైనా ఆ బటన్ పనిచేయదు.

నిజంగానే సబ్మిట్ అయి ఉంటే, ఎన్‌వీసీ ఇప్పుడు ఏ తేదీన వచ్చిన ఫైళ్ళు చూస్తోందో వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది. మీ తేదీ దాటిపోయాక మాత్రమే పబ్లిక్ ఎంక్వైరీ ఫారంలో రాయండి.

స్కాన్ల గురించి రెండు ముక్కలు: ఒక్కో ఫైలు 4 ఎంబీ దాటకూడదు, ఒక డాక్యుమెంట్ ముందు వెనక పేజీలన్నీ ఒకే ఫైలులో ఉండాలి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి సంతకంతో "ఇది సరైన అనువాదం, నాకు రెండు భాషలూ వచ్చు" అన్న వాక్యం తప్పనిసరి.

సమస్య: బర్త్ సర్టిఫికెట్ "రిజెక్టెడ్"

మన ఫైళ్ళు అన్నిటికన్నా ఎక్కువ ఆగేది ఇక్కడే. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది, అమల్లోకి వచ్చింది 1970 ఏప్రిల్ 1న. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్ళకు సర్టిఫికెట్ ఉండకపోవడం మామూలే. బడిలో చేర్చిన రోజు మాస్టారు ఏది రాస్తే అదే పుట్టినరోజు. మా నాన్న, ఇద్దరు బాబాయిలు ముగ్గురూ రికార్డు ప్రకారం జూలై 1నే పుట్టారు!

సర్టిఫికెట్ లేకపోతే, పుట్టిన ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి "మా రికార్డుల్లో లేదు" అన్న నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి తోడు రెండు అఫిడవిట్లు, పదో తరగతి మెమో ఉంటే అదీ పెట్టాలి.

ఆ అఫిడవిట్ ఎలా ఉండాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మా అమ్మ ఫైలు ఆగింది దానిమీదే. అమ్మ పుట్టినప్పుడు ఇంట్లో ఉన్న మనిషి ఇప్పుడు మా పెద్దమ్మ ఒక్కతే. నోటరీ దగ్గర టైపిస్టు తన దగ్గరున్న పాత నమూనాలో పేర్లు మార్చి ఇచ్చేశాడు. అందులో పెద్దమ్మ పుట్టిన తేదీ లేదు, ఆమె అమ్మకు ఏమవుతుందో లేదు, ఆమెకు ఈ సంగతి ఎలా తెలుసో అసలే లేదు. ఫైలు వెనక్కి వచ్చింది. రెండోసారి పెద్దమ్మనే కూర్చోబెట్టి అడిగాం. "కృష్ణా పుష్కరాలు అయిన మర్నాటి ఏడాది, వరి కోతలప్పుడు. మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే" అంది. ఆ మాటలే అఫిడవిట్‌లోకి ఎక్కించాం. అఫిడవిట్ ఇచ్చేవారి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, బంధుత్వం, పుట్టినవారి తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తనకెలా తెలుసో: ఇవన్నీ ఉండాలి. ఈసారి పాసైంది.

సర్టిఫికెట్ ఉండి అందులో పేరు లేకపోతే (పాతవాటిలో "ఆడ శిశువు" అని మాత్రమే ఉంటుంది) రిజిస్ట్రార్ దగ్గర పేరు చేర్పించుకోవాలి. అసలు నమోదే కాకుండా ఏడాది దాటిపోతే ఆలస్యపు నమోదుకు పైఅధికారి ఉత్తర్వు కావాలి. తెలుగు రాష్ట్రాల్లో దీనికి సాధారణంగా ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

సమస్య: పేర్లు కలవడం లేదన్నారు

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, మెమోలో పొడి అక్షరం, ఆధార్‌లో పుట్టింటి పేరు. మనకు ముగ్గురూ ఒక్కరేనని తెలుసు. అక్కడ కూర్చుని చూసే ఆఫీసరుకు ముగ్గురు మనుషులు. పాస్‌పోర్టు స్పెల్లింగునే ఆధారంగా పెట్టుకుని, మిగతా రూపాలన్నీ డీఎస్-260లో (ఆన్‌లైన్ ఇమ్మిగ్రెంట్ వీసా దరఖాస్తు) "ఇతర పేర్లు" అన్నచోట రాయండి. అందరూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ జతచేయండి. డీఎస్-260 సబ్మిట్ చేశాక మన చేత్తో మార్చలేం, ఎన్‌వీసీని తెరవమని అడగాలి లేదా ఇంటర్వ్యూలో చెప్పి దిద్దించుకోవాలి. సర్టిఫికెట్ మీద మాత్రం పెన్ను పెట్టకండి.

సమస్య: ఐ-864 మళ్ళీ అడిగారు

ఐ-864 అంటే వచ్చేవారి పోషణకు మీరు బాధ్యులని రాసిచ్చే ఫారం. సంతకం లేకపోవడం, పాత ఎడిషన్ ఫారం, ఇంట్లో ఎంతమందో తప్పు లెక్క. ఈ మూడే మాటిమాటికీ వచ్చే తప్పులు. లెక్కలో మీరు, మీ భార్య లేదా భర్త, పిల్లలు, ఇప్పుడు రాబోయేవారు, ఇదివరకే మీ ఐ-864 మీద వచ్చినవారు అందరూ ఉంటారు. అత్తమామల్ని మూడేళ్ళ కిందట తెచ్చిన సంగతి ఇక్కడ మర్చిపోతారు. అంతమందికీ ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 125 శాతం ఆదాయం చూపాలి. టాక్స్ రిటర్న్ కాపీకన్నా ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్ మేలు, అది ఉచితంగా వస్తుంది. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే మీ వంతు ఎంతో తెలియడానికి డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం) పెట్టండి.

ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్ కావాలి, సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవారు గానీ. ఫ్రెండ్‌ని అడిగేటప్పుడు ఇది ఒట్టి సంతకం కాదని ముందే చెప్పండి. ఆ వచ్చినవారు సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ళ) పని లెక్కకు వచ్చేదాకానో ఆ బాధ్యత చట్టప్రకారం ఉంటుంది. అందుకే చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు.

సమస్య: పోలీస్ సర్టిఫికెట్ చాలదన్నారు

పోలీస్ సర్టిఫికెట్ అంటే నేరచరిత్ర లేదన్న కాగితం. ఇండియాది పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. నాన్న ఒకప్పుడు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏడాదికి పైగా పనిచేసి ఉంటే అక్కడిదీ కావాలి. కడప, గోదావరి, కరీంనగర్ కుటుంబాల్లో ఇది తరచూ తగులుతుంది. గల్ఫ్ నుంచి తెప్పించడానికి సమయం పడుతుంది కాబట్టి ఐ-130 వేసిన రోజే వాకబు మొదలుపెట్టండి. ఇండియా సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది, ఇంటర్వ్యూ నాటికి దాటితే కొత్తది తీసుకెళ్ళాలి.

సమస్య: అన్నీ ఓకే అన్నారు, ఇంటర్వ్యూ తేదీ రాదు

తల్లిదండ్రులు, భార్య లేదా భర్త అయితే వీసా కోటా క్యూ ఉండదు, ముంబైలో స్లాట్ కోసమే వేచి చూడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ కేటగిరీ (ఎఫ్4) అయితే లెక్క వేరు. 2025లో ఇండియాకు అది 2006 నాటి పిటిషన్ల దగ్గర ఉంది. అది డాక్యుమెంట్ల ఆలస్యం కాదు, ఎవరికి రాసినా కదలదు. ఒక్క జాగ్రత్త: ఎన్‌వీసీ నోటీసు ఇచ్చాక ఏడాదిపాటు ఉలుకూపలుకూ లేకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది. మధ్యలో ఒకసారైనా ఎంక్వైరీ పంపి, ఆ కాపీ దాచుకోండి.

సమస్య: ఇంటర్వ్యూ అయింది, స్టేటస్ "రెఫ్యూజ్డ్"

ఈ మాట చూసి అర్ధరాత్రి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. సాధారణంగా అది 221(జి), అంటే ఇంకేదో కావాలని పెండింగ్‌లో పెట్టడం. ఇంటర్వ్యూలో ఇచ్చిన కాగితంలో ఏం కావాలో ఉంటుంది. ఏడాది లోపు ఇస్తే కేసు కొనసాగుతుంది, దాటితే మళ్ళీ అప్లై చేసి ఫీజు కట్టాలి.

అమ్మానాన్నల విషయంలో ఇంకో కారణం ఉంటుంది: ఛాతీ ఎక్స్‌రేలో ఎప్పటిదో టీబీ మచ్చ. అప్పుడు కఫం కల్చర్ పరీక్ష చేస్తారు, ఫలితానికి 8 వారాలు పడుతుంది. దాన్ని ఎవరూ తొందర పెట్టలేరు. అందుకే పెద్దవాళ్ళకు మెడికల్‌ని ఇంటర్వ్యూ ముందురోజుకి పెట్టకండి. హైదరాబాద్‌లోనూ ప్యానెల్ డాక్టర్లు (ఈ మెడికల్ చేయడానికి కాన్సులేట్ ఆమోదించినవారు) ఉన్నారు, ఇంటర్వ్యూ తేదీ రాగానే అపాయింట్‌మెంట్ తీసుకుని, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు ఏవైనా ఉంటే చేతిలో పెట్టి పంపండి.