స్పీడ్ చలానా వచ్చిందా? కట్టాలా, వాదించాలా తేల్చుకోవడం ఎలా

విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దాటి మద్దిలపాలెం వైపు ఎప్పుడు వెళ్లామో మనకు గుర్తుండదు. ఫోన్‌కి మాత్రం ఓవర్‌స్పీడ్ చలానా వచ్చి పడుతుంది. కారుకైతే చట్టప్రకారం జరిమానా 1,000 నుంచి 2,000 రూపాయలు. కోపం మీద కట్టేయొద్దు, కోపం మీద వాదనకూ దిగొద్దు.

ముందు అది అసలుదో కాదో చూడండి. వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే అది మోసమే, తెరవకండి. మెసేజ్‌లో లింకు నొక్కకుండా కేంద్ర ప్రభుత్వ పరివాహన్ ఈ-చలాన్ సైటుకి మీరే వెళ్లి వెతకండి.

చలానా నిజమైతే ఫోటో పెద్దది చేసి చూడండి. అసలు విషయమంతా అక్కడే ఉంటుంది. నంబరు ప్లేటుపై 3ని 8గా చదివారా? మీది స్కూటరైతే ఫోటోలో బుల్లెట్ ఉందా? 2021 నాటి కేంద్ర నిబంధన ప్రకారం కెమెరా చలానాకి ప్లేటు కనిపించే ఫోటో, నమోదైన వేగం, తేదీ, సమయం, చోటు ఉండాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. కెమెరా నిఘా ఉన్న దారిలో ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. కెమెరా లేకుండా పోలీసే ఆపి రాశారా? అలాగైతే వేగం కొలిచిన పరికరం రీడింగ్ అడగండి. కంటి అంచనా ఒక్కదాని మీదే శిక్ష వేయకూడదని మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ చెబుతోంది.

"అందరూ అంతే స్పీడులో పోతున్నారు", "రోడ్డు ఖాళీగా ఉంది" అనేవి వాదనలు కావు. ఫోటో, చోటు, వేగం అన్నీ సరిపోతే కట్టేయడమే మేలు. వెయ్యి రూపాయల కోసం లాయరు ఫీజు, ఒకరోజు సెలవు పెట్టుకోవడం గిట్టుబాటు కాదు.

రెండు సందర్భాల్లో మాత్రం లెక్క వేరు. డ్రైవింగే జీవనాధారమైతే తప్పుడు చలానాని వదలొద్దు, ఇదే నేరం రెండోసారైతే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. ఫోటోలో మీ నంబరుతో వేరే బండి కనిపిస్తే, చలానా వందే అయినా కదలాల్సిందే. మీ నంబరు తగిలించుకుని ఎవరో తిరుగుతున్నారన్నమాట! పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు ఉంచుకోండి.

వాదించాలనుకుంటే డబ్బు కట్టకండి, కడితే తప్పు ఒప్పుకుని ముగించినట్టే. చలానా నంబరు, మీ బండి ఫోటో, ఆర్సీ, ఆ వేళ మీరెక్కడున్నారో తెలిపే పార్కింగ్ రసీదో ఫాస్టాగ్ ఎంట్రీయో జతచేసి సైటులోనే ఫిర్యాదు పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ ఫిర్యాదు ఒప్పుకోకపోతే ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి, అక్కడా తేలకపోతే కోర్టుకి ఇవే కాగితాలు పట్టుకెళ్లండి.