అకౌంట్స్ ఇంటర్వ్యూకి ముందురోజు

బట్టల సంగతి రాత్రే తేల్చేయండి: ఇస్త్రీ చేసిన లేత రంగు చొక్కా, ముదురు ప్యాంటు, ఒకే రంగు బెల్టూ బూట్లూ. వేసుకుని కూర్చుని చూడండి. గుండీల దగ్గర లాగేస్తుంటే ఆ చొక్కా వద్దు. కొత్త బూట్లు కరుస్తాయి, పాతవే తుడుచుకోండి.

మిగతా సమయమంతా బ్యాంక్ రీకన్సిలియేషన్‌కే (మన పుస్తకాల్లోని లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం) ఇవ్వండి, తడబడేది ఎక్కువగా అక్కడే. మనమిచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో పడకపోతే కొత్త ఎంట్రీ అక్కర్లేదు, ఇచ్చినరోజే రాసేశాం కాబట్టి. బ్యాంకు కోసుకున్న ఛార్జీలు మాత్రం మన పుస్తకాల్లో లేవు, వాటికి ఎంట్రీ వేయాల్సిందే. ఈ కారణాలను పైకి చెబుతూ సాధన చేయండి.

ఎక్సెల్ పరీక్షలో వీలుకప్ (VLOOKUP, ఒక విలువను ఇంకో పట్టికలో వెతికి దానికి సంబంధించిన వివరం తెచ్చే ఫార్ములా) ఎర్రర్ చూపిస్తే కంగారుగా ఫార్ములా మార్చకండి. ఒక షీట్‌లో ఇన్వాయిస్ నంబరు అంకెగా, ఇంకోదాంట్లో టెక్స్ట్‌గా ఉందేమో ముందు చూడండి.