గ్రాహకం తోక ఎటు ఉంది? పాలిథిన్ సంచితో ఒక పాఠం

అమలాపురంలో మా ఇంటి అరుగు మీద డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. కణం తన ఉపరితల గ్రాహకాలను, అంటే బయటి సంకేతాలనూ పదార్థాలనూ పట్టే ప్రోటీన్లను, ఎలా ఏరి నాశనం చేస్తుందో గీయమంటే, ఏటా గ్రాహకాన్ని తిన్నగా లైసోసోమ్‌లో, అంటే కణం లోపలి జీర్ణ సంచిలో, పడేస్తారు. కణం లోపలికి ఉండే దాని తోకను మరిచిపోతారు. అందుకే ముందు చేతులతో చేయిస్తున్నాను.

పలుచని పెద్ద పాలిథిన్ సంచి, కొబ్బరి పీచు, దారం, తడి కుంకుమ తీసుకోండి. సంచి లోపలి భాగం కణద్రవ్యం. రెండు పీచుపోగులకు చెరో ముడి వేసి, ముడులు బయట, తోకలు లోపల ఉండేలా పక్కపక్కనే గుచ్చండి. మొదటిది ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని పట్టే గ్రాహకం. ఈజీఎఫ్ తగిలితే సీబీఎల్ ఎంజైమ్ దాని తోకకు యుబిక్విటిన్‌ను అతికిస్తుంది. 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. ఆ తోకకు కుంకుమ అద్దండి. రెండోది ఇనుమును తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం, దానికి కుంకుమ వద్దు.

ముడులున్న చోట బయటినుంచి పిడికిలితో లోపలికి నొక్కి, చేయి తీసి, ఆ గుంట మెడను సంచి లోపలినుంచి దారంతో కట్టండి. కణంలో ఈ దారం పని డైనమిన్ అనే ప్రోటీన్‌ది. నిమ్మకాయంత బుడగ వచ్చిందా? అదే ఎండోసోమ్. ఇక్కడ కాసేపు ఆగి చూడండి. ముడులు బుడగలో చిక్కాయి, తోకలు మాత్రం ఇంకా కణద్రవ్యంలోనే ఉన్నాయి. ఈజీఎఫ్ గ్రాహకం ఇంకా సంకేతం పంపగలదు. బుడగ ఇలాగే లైసోసోమ్‌తో కలిస్తే లోపలి ఎంజైములకు తోక అందదు.

తోక మీది కుంకుమ తుడిచి, ఆ తోక ఉన్న చోటును పెన్సిల్ మొద్దు కొనతో బుడగలోకి నొక్కండి. మెడ కట్టబోతే దారం పనికిరాదు, ఎందుకంటే ఈసారి మెడ చుట్టూ ఉన్నది బుడగ లోపలి భాగం. కణం పడే కష్టం సరిగ్గా ఇదే. ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల బృందం యుబిక్విటిన్‌ను గుర్తుపట్టి గ్రాహకాలను పోగుచేస్తుంది. అందులోని మూడో సముదాయం మెడ లోపల సర్పిలంగా చుట్టుకుని దాన్ని బిగించి తెంపుతుంది. తెగేలోపే యుబిక్విటిన్‌ను ఊడదీసి మళ్ళీ వాడుకుంటుంది కణం. అందుకే పెన్సిల్ నొక్కే ముందే కుంకుమ తుడవమన్నాను.

ఆ సర్పిలాన్ని విప్పే వీపీఎస్4 అనే ఎంజైమ్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చుచేస్తుంది. 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఏటీపీ గురించి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారు. ఆ పేరు చెప్పకుండా నేను ఈ మెట్టు దాటను.

కుంకుమ లేని రెండో గ్రాహకం ఎండోసోమ్ ఆమ్లంలో ఇనుము వదిలి, తిరిగి కణం ఉపరితలానికి చేరుతుంది. మొదటిది ఎండోసోమ్ లోపలికి తెగిపడిన చిన్న బుడగతో సహా లైసోసోమ్‌లో కరుగుతుంది. ఇప్పుడు నోటుపుస్తకం తెరిచి, తోకను ప్రతి మెట్టులోనూ ఎర్ర పెన్సిల్‌తో గీయండి.